ఇరవై నిమిషాల చాట్, మర్నాడే ఆఫర్ లెటర్: డిపాజిట్ కట్టాలా?

ప్రశ్న: మా అబ్బాయి కంప్యూటర్ సైన్స్‌లో డిగ్రీ పూర్తి చేసి ఎనిమిది నెలలైంది. రోజూ ఆన్‌లైన్‌లో అప్లై చేస్తూనే ఉన్నాడు. ఇప్పటికి మూడు వందలు దాటాయంటాడు, ఒక్క పిలుపూ లేదు. పోయిన వారం ఒక పెద్ద కంపెనీ హెచ్‌ఆర్‌నంటూ ఒకాయన టెలిగ్రామ్‌లో మెసేజ్ పెట్టారు. చాట్‌లోనే ఇరవై నిమిషాలు ప్రశ్నలడిగి, మర్నాటికల్లా ఆఫర్ లెటర్ పంపారు. ఇంటి నుంచే పనట. లాప్‌టాప్‌కి డిపాజిట్ కట్టాలి, మొదటి జీతంతో తిరిగిచ్చేస్తామంటున్నారు. రేపు సాయంత్రంలోగా కట్టకపోతే పోస్టు ఇంకొకరికి పోతుందట. వాడు కట్టేద్దామని పట్టుబడుతున్నాడు. నా మనసు ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: కట్టవద్దమ్మా. ఎంత తక్కువైనా, తిరిగిస్తామని ఎంత గట్టిగా చెప్పినా కట్టవద్దు.

ఒక్కసారి కంపెనీ వైపు నుంచి ఆలోచించండి. కొత్త మనిషిని తీసుకోవడమంటే వాళ్లకి ఖర్చు. నెలనెలా జీతమివ్వాలి, పని నేర్పాలి, అతను పనికి రాకపోతే ఆ నష్టమూ భరించాలి. అందుకే ముఖం చూసి మాట్లాడతారు, పరీక్ష పెడతారు, సర్టిఫికెట్లు సరిచూస్తారు, మన ఓపిక నశించేదాకా తిప్పుతారు. ఇరవై నిమిషాల్లో తేల్చేశారంటే వాళ్లు పోగొట్టుకునేదేమీ లేదన్నమాట. పని కోసం లాప్‌టాప్ ఇవ్వదలచిన కంపెనీ ఇచ్చేస్తుంది, దానికి డిపాజిట్ అడగదు. ట్రైనింగ్ ఫీజు, వెరిఫికేషన్ ఛార్జీ, ఇన్సూరెన్స్ అంటూ ఏ పేరు పెట్టినా ఇంతే. ఉద్యోగాలిప్పించే ప్రైవేటు ఏజెన్సీలు సైతం ఉద్యోగార్థి దగ్గర నేరుగా గానీ దొడ్డిదారిన గానీ ఫీజు తీసుకోకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒప్పందం చెబుతోంది. దానికి కొన్ని మినహాయింపులున్నాయి, అన్ని దేశాలూ దాన్ని ఆమోదించలేదు కూడా. అయినా జీతం ఎటు నుంచి ఎటు వెళ్లాలన్న విషయంలో ఎవరికీ అనుమానం అక్కర్లేదు.

మీ మాట మీద అబ్బాయికి నమ్మకం కుదరకపోతే, తనే తేల్చుకోనివ్వండి. ఆ లెటర్‌లో ఉన్న నంబర్‌కి మాత్రం ఫోన్ చేయకూడదు, అది ఎత్తేది వాళ్లే. కంపెనీ వెబ్‌సైట్ చిరునామా స్వయంగా టైప్ చేసి, కెరీర్స్ పేజీలో ఆ పోస్టు ఉందో లేదో చూడాలి. అక్కడున్న మెయిల్‌కో ఫోన్‌కో ‘ఇలా ఒక లెటర్ వచ్చింది, మీరు పంపిందేనా?’ అని అడగాలి. ఆ హెచ్‌ఆర్ మెయిల్ పంపి ఉంటే ‘ఎట్ ద రేట్’ గుర్తు తర్వాత ఏముందో చూడమనండి. కంపెనీ పేరు పక్కన ఒక గీత పెట్టి ‘కెరీర్స్’ అని తగిలించిన డాట్ కామ్ చిరునామా ఆ కంపెనీది కానక్కర్లేదు, ఎవరైనా కొనుక్కోవచ్చు. హూయిజ్ (WHOIS) లాంటి సేవలో వెతికితే ఆ చిరునామా ఎప్పుడు నమోదైందో సాధారణంగా కనిపిస్తుంది. ఏళ్ల నాటి కంపెనీకి పోయిన నెలలో పుట్టిన చిరునామా ఉంటే ఇక అడగాల్సిందేముంది? లోగో, స్టాంపు, సంతకం చూసి మాత్రం నమ్మొద్దు. కాపీ చేయడానికి అన్నిటికన్నా తేలికైనవి అవే.

మీరు అడగలేదు గానీ నాకు తెలియాల్సింది ఇంకొకటుంది. ఇప్పటికే వాడేం పంపాడు? గుర్తింపు కార్డు, బ్యాంకు వివరాలు, ఓటీపీ, సంతకం చేసిన కాగితాలు? బ్యాంకు వివరాలు వెళ్లి ఉంటే ఈరోజే బ్యాంకుకి చెప్పండి. వాళ్లిచ్చిన యాప్ ఏదైనా వేసుకుని ఉంటే తీసేసి, పాస్‌వర్డులన్నీ మరో ఫోన్ నుంచి మార్చమనండి. చాట్ డిలీట్ చేయొద్దు. స్క్రీన్‌షాట్లు దాచుకుని సైబర్ క్రైమ్ పోలీసులకి ఫిర్యాదు చేయండి, టెలిగ్రామ్‌లో కూడా రిపోర్ట్ కొట్టండి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

డబ్బు అడగని మోసాలూ ఉన్నాయి. వాటిలో నన్ను ఎక్కువ భయపెట్టేది ‘పేమెంట్ ప్రాసెసింగ్’ ఉద్యోగం. మీ ఖాతాలోకి డబ్బు వస్తుంది, కమిషన్ ఉంచుకుని మిగతాది ఫలానా ఖాతాకి పంపాలంటారు. ఆ డబ్బు ఇంకెవరినో మోసం చేసి తెచ్చినది. పోలీసులు ముందు వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉంటే వాళ్ల దగ్గరికే. డిపాజిట్ కట్టినవాడు డబ్బు మాత్రమే పోగొట్టుకుంటాడు, ఖాతా ఇచ్చినవాడు కేసులో ఇరుక్కుంటాడు. వీడియోలకి లైక్ కొడితే డబ్బిస్తామనే పని ఇంకో రకం. మొదట కాస్త ఇస్తారు, నమ్మకం కుదిరాక ‘పెద్ద టాస్క్’ తెరవడానికి మనల్నే కట్టమంటారు.

మీవాడు కోడింగ్ చేస్తాడు కాబట్టి ఇంకో మాట. ముక్కూమొహం తెలియని రిక్రూటర్ ‘టెస్ట్’ పేరుతో పంపిన ఫైల్‌ని తన కంప్యూటర్‌లో తెరవకూడదు, నడపకూడదు. 2022లో రోనిన్ అనే క్రిప్టో నెట్‌వర్క్ నుంచి 60 కోట్ల డాలర్లకు పైగా దోచుకున్నారు. అక్కడి ఇంజినీరు ఒకరికి దొంగ ఆఫర్ లెటర్‌ని పీడీఎఫ్‌గా పంపి లోపలికి దూరారని వార్తలొచ్చాయి. అనుభవమున్నవాళ్లే బోల్తా పడుతుంటే కొత్తవాళ్లని ఏమనగలం? విదేశంలో డేటా ఎంట్రీ, కస్టమర్ సపోర్ట్, టికెట్ మాదే, ప్రస్తుతానికి టూరిస్ట్ వీసా మీద రండి అంటే ఇంకా ప్రమాదం. మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో దాదాపు 1,00,000 మంది ఇలాంటి మోసాల ముఠాల చేతిలో చిక్కుకుని, బలవంతంగా ఆన్‌లైన్ మోసాలు చేయాల్సి వస్తోందని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023లో అంచనా వేసింది.

ఇక ఆ మూడు వందల అప్లికేషన్ల సంగతి. నా లెక్కలో అసలు సమస్య ఇక్కడుంది. ఎనిమిది నెలలు ఎవరూ పలకనివాడికి మొదట పలికినవాడు దేవుడిలా కనిపిస్తాడు.

ఒకే రెజ్యూమెని ఒక్క క్లిక్కుతో పంపడం వీడొక్కడే చేయడం లేదు, అందరూ చేస్తున్నారు. అందుకే ఒక్కో పోస్టుకి కుప్పలు పడుతున్నాయి. ఆ ప్రకటనల్లో కొన్ని ఎప్పుడో భర్తీ అయిపోయి, తీయడం మరిచిపోయినవి. వారానికి ఎనిమిదో పదో చాలు, కానీ ప్రతిదీ చదివి పంపాలి. ప్రకటనలో అడిగిన నైపుణ్యం తనకి నిజంగా ఉంటే, వాళ్లు వాడిన మాటనే రెజ్యూమెలో వాడాలి. రిక్రూటర్లు చాలాసార్లు ఆ మాటలతోనే వెతుకుతారు. రంగురంగుల డిజైన్లు, రెండు నిలువు వరుసలు, బొమ్మలో పెట్టిన అక్షరాలు వద్దు, కంపెనీలు రెజ్యూమెలు చదవడానికి వాడే సాఫ్ట్‌వేర్ వాటిని సరిగా చదవలేకపోవచ్చు. ‘మెషిన్ దాటించే రెజ్యూమె’ రాసిస్తామని డబ్బు అడిగేవాళ్లనీ దూరం పెట్టండి. ‘జావా తెలుసు’ అని రాస్తే ఎవరూ ఆగి చూడరు. తాను కట్టిన ప్రాజెక్ట్ ఏ పని చేస్తుందో రెండు వాక్యాల్లో చెప్పి, లింక్ ఇవ్వమనండి.

అంతకన్నా ముఖ్యం మనుషులు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ఒక విషయం బయటపెట్టారు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవారిని అడిగితే, ఆ ‘తెలిసినవాళ్లు’ తరచూ కలిసే మనుషులన్నవారు 17 శాతం లోపే. మిగతా అందరికీ దారి చూపింది అప్పుడప్పుడో, ఎప్పుడో ఒకసారో కలిసేవాళ్లు. లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మంది సమాచారంతో చేసి 2022లో ప్రచురించిన పరిశోధనలోనూ ఓ మోస్తరు పరిచయాలే ఎక్కువ అక్కరకొచ్చాయని తేలింది. కారణం తేలికే. పక్కన కూర్చునే స్నేహితుడికి తెలిసిన ఖాళీలు మనకీ తెలిసినవే. రెండేళ్ల సీనియర్‌కో, ఇంటర్న్‌షిప్‌లో కలిసినాయనకో తెలిసినవి వేరు.

అయితే వాళ్లని ఉద్యోగం అడగకూడదు. ‘ఉంటే చూడన్నా’ అంటే ‘చూస్తాలే’ అంటారు, అక్కడితో అయిపోతుంది. ఇలా అడగమనండి: ‘అన్నా, నేను మన డిపార్ట్‌మెంట్‌లోనే మీ తర్వాత రెండో బ్యాచ్. మీరు చేస్తున్న టెస్టింగ్ పనిలోకి రావాలనుకుంటున్నాను. కొత్తవాళ్లలో మీ టీమ్ ఏం చూస్తుందో తెలుసుకోవాలనుంది. ఈ వారంలో పావుగంట మాట్లాడతారా?’ పది మందికి రాస్తే ఇద్దరో ముగ్గురో పలుకుతారు. మాట్లాడాక చెప్పింది చేసి, నెల తర్వాత ‘మీరు చెప్పినట్టే చేశాను’ అని మళ్లీ రాయాలి. ఆయన టీమ్‌లో ఖాళీ వచ్చినప్పుడు గుర్తుకొచ్చేది ఆ రెండో మెసేజ్ పెట్టినవాడే. కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసుకి కూడా ఒకసారి వెళ్లమనండి. చాలాచోట్ల పాత బ్యాచ్‌లకీ సాయం చేస్తారు.

మీకొక్క మాట. రోజూ సాయంత్రం ‘ఏమైనా వచ్చిందా?’ అని అడుగుతుంటే కొన్నాళ్లు ఆపండి. అడగాలనిపిస్తే ‘ఈ వారం ఎవరితో మాట్లాడావు?’ అనండి. జవాబు వాడి చేతిలో ఉన్న ప్రశ్న అది.

రేపు సాయంత్రం గడువు దాటిపోనివ్వండి. ఆ తర్వాత ఆ హెచ్‌ఆర్ మళ్లీ మెసేజ్ పెడతాడని నా అనుమానం. మీ కోసం గడువు పెంచామనో, డిపాజిట్ సగం కడితే చాలనో అంటాడు. అది వచ్చినప్పుడు అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరూ కలిసి చదవండి.