జీవించి ఉన్నవారికి ‘నివాళి’ చెప్పవచ్చునా?

సందేహం: మాది తెలంగాణలోని ఒక ఆర్టీసీ డిపో. మా గ్యారేజీలో శ్రామిక్‌గా చేరి, మెకానిక్‌గా ఎదిగి, ముప్పయ్యేళ్లకు పైగా పనిచేసిన పెద్దాయన వచ్చే నెలాఖరున రిటైరవుతున్నారు. డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్‌లు, ఆఫీసు వాళ్లు కలిసి ఇరవై ఆరుగురం ఆయన మీద ఒక పుస్తకం తెస్తున్నాం. దానికి ‘అక్షర నివాళి’ అని పేరు పెడదామని కొందరన్నారు. అది పోయినవాళ్లకు వాడే మాట అని ఇంకొందరు అడ్డుపడ్డారు. నిఘంటువు చూస్తే ఆరతి అని ఉంది. ఏది సరైనది? ఆయనకు అరవై నిండుతున్నాయి కనుక ‘షష్ఠిపూర్తి సంచిక’ అనవచ్చా? వచ్చిన వ్యాసాల్లో ఒకరు ఆయనను ‘ఉస్తాద్’ అని, ఒకరు ‘కాకా’ అని, ఒకరు ‘సార్’ అని రాశారు. ‘వచ్చిండు, చెప్పిండు’ అని కూడా ఉన్నాయి. అన్నింటినీ ‘గారు వచ్చారు’ అని మార్చాలా? రెండు వ్యాసాలు జతచేస్తున్నాను, చూడగలరు.

సమాధానం: మీరు చూసిన నిఘంటువు తప్పు చెప్పలేదు. అడ్డుపడిన మీ మిత్రులూ తప్పు చెప్పలేదు. ‘నివాళి’ అంటే ఆరతి, నీరాజనం అనే అర్థాన్నే శబ్దరత్నాకరమూ సూర్యరాయాంధ్ర నిఘంటువూ చెబుతాయి. దేవుడి ముందు పళ్లెంలో కర్పూరం వెలిగించి తిప్పడం, పెళ్లికూతురికీ పెళ్లికొడుకుకూ ముత్తైదువలు పళ్లెం తిప్పి దిష్టి తీయడం, ఇవన్నీ నివాళులే. ‘నివాళించు’ అనే క్రియ కూడా ఉంది. పక్కనున్న కన్నడంలో ‘నివాళిసు’ అంటే నేటికీ దిష్టి తీయడమే. అంటే పుట్టుకతో ఈ మాట పూర్తిగా మంగళకరమైనది, కళ్లెదుట నిలిచి ఉన్నవారికి మాత్రమే చేసే పనికి పేరు.

అయితే మాటకు పుట్టుక ఎంత ముఖ్యమో నడక అంతకంటె ముఖ్యం. ఆరతి ఇవ్వడమనే అర్థం నుంచి గౌరవం చూపడమనే అర్థానికీ, అక్కడి నుంచి వర్ధంతి నాడు విగ్రహానికి దండ వేసి గౌరవం చూపడమనే అర్థానికీ ఈ మాట జరిగి వచ్చింది. ‘ఘన నివాళి’, ‘నివాళులర్పించారు’, ‘అశ్రునివాళి’ అన్న శీర్షికలను పత్రికల్లో రోజూ చదివే పాఠకుడికి ‘నివాళి’ అనగానే నల్లటి గీత చుట్టిన ఫొటోయే కళ్లముందు మెదులుతుంది. ‘శ్రద్ధాంజలి’కి పట్టిన గతీ ఇదే. శ్రద్ధతో దోసిలి ఒగ్గడం అన్న ఆ సమాసంలో చావు ప్రసక్తి ఎక్కడా లేదు, అయినా దానిని బతికి ఉన్నవారికి ఇప్పుడు ఎవరూ వాడరు. అర్థం మారిన మాటను పాత అర్థంలో వాడి, కింద గమనిక రాసి సమర్థించుకునే అవకాశం పరిశోధన వ్యాసంలో ఉంటుందేమో కాని, అరవై ఏళ్ల మనిషి చేతికి అందరి ఎదుట ఇచ్చే పుస్తకం అట్టమీద ఉండదు. ఆయన భార్యాపిల్లలు కూడా ఆ అట్ట చూస్తారు. కాబట్టి ఆ పేరు వద్దు.

ఒక విశేషం గమనించండి. నివాళి, నీరాజనం రెండూ ఒకే పనికి పేర్లు. ఒకటి మృతుల వైపు వెళ్లిపోగా, రెండోది మాత్రం ‘జనం నీరాజనాలు పట్టారు’ అంటూ సజీవుల పక్షానే నిలిచింది. అందువల్ల మీ మిత్రులకు ఆ భావమే కావాలంటే ‘అక్షర నీరాజనం’ అనడంలో దోషమేమీ లేదు. నన్నడిగితే మాత్రం వాడి వాడి అరిగిపోయిన మాట అది. అంతకంటె మంచి పేరు మీ వ్యాసాలలోనే ఉంది, దాని దగ్గరికి తరువాత వస్తాను.

ఇక పుస్తకం ఏ రకం సంచిక అన్నది. పోయినవారిని తలచుకుంటూ వేసేది సంస్మరణ సంచిక లేదా స్మారక సంచిక. ఉన్నవారి పట్ల సంతోషాన్ని తెలిపేది అభినందన సంచిక. సన్మానసభ నాడు ఇచ్చేదైతే సన్మాన సంచిక. ‘అభివందన సంచిక’ అని కూడా కొందరు రాస్తారు, అది అచ్చుతప్పు కాదు. అభినందనలో ఉన్నది సంతోషం, అభివందనలో ఉన్నది నమస్కారం. పెద్దవారికి చిన్నవారు ఇచ్చేటప్పుడు రెండోది వినయంగా ఉంటుంది. కాని ఇరవై ఆరుగురిలో ఆయన ఈడువారూ ఉంటారు కనుక ‘అభినందన’ అందరికీ సరిపోతుంది. పత్రికల నెలవారీ ప్రతిని సంచిక అంటాం కదా, ఒక్కసారి వచ్చే పుస్తకాన్ని అలా అనవచ్చునా అని సంకోచించనక్కరలేదు. రాజమహేంద్రవరంలోని ఆంధ్రేతిహాస పరిశోధక మండలి 1935లో వెలువరించిన బృహత్సంపుటం పేరే ‘కాకతీయ సంచిక’. పలువురు కలిసి రాసి ఒకరికి కానుకగా ఇవ్వడం కూడా మనకు కొత్త కాదు. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారికి డెబ్బయ్యేళ్లు నిండిన 1933లో పండితులు తలా ఒక వ్యాసం రాసి సంపుటంగా ఆయనకు సమర్పించారు. ఆయన ఆ తరువాత 1940 వరకు జీవించారు. జీవితమంతా వాడుక భాష కోసం పోరాడిన మనిషికి తన గౌరవార్థం వచ్చిన పుస్తకాన్ని తన కళ్లతో చదువుకునే భాగ్యం దక్కింది.

‘షష్ఠి’ అంటే ఆరవ తిథి, సుబ్రహ్మణ్య షష్ఠిలోని షష్ఠి. అరవై సంఖ్యకు ‘షష్టి’. అందువల్ల ‘షష్టిపూర్తి’ అని ‘ఠ’తో కాక ‘ట’తోనే రాయాలి. అయితే అది ఇంట్లోవారు తిథి చూసి చేసుకునే వేడుక పేరు. మీరు పుస్తకం తెస్తున్నది ఆయన ఉద్యోగం ముగిసినందుకు కనుక ‘ఉద్యోగ విరమణ అభినందన సంచిక’ అనడమే ఉచితం.

మీరు పంపిన వ్యాసాలలో ఆఫీసు వారు రాసినదానిని ముందుగా తీసుకుంటాను, ఎందుకంటే అట్టమీద మీరు తప్పించాలనుకుంటున్న దోషమే అందులో లోపల ఉంది. పేరు వదిలిపెట్టి ఆ వాక్యాలు ఇక్కడ చూపిస్తున్నాను: ‘మహోన్నత వ్యక్తిత్వం గల ఆయన నిరంతర కృషీవలుడు. అందరితో ఎంతో ఆప్యాయంగా ఉండేవారు. ఆయనకు ఏనాడూ కోపం వచ్చేది కాదు. మా డిపోకు ఆయన చేసిన సేవలు చిరస్మరణీయం.’ రాసినవారి మనసు మంచిదని ప్రతి మాటలోనూ తెలుస్తోంది. కాని కృషీవలుడంటే రైతు, సేద్యం చేసేవాడు. బాగా కష్టపడేవారు అనే అర్థంలో ఆ మాట ఈ మధ్య సభల్లో తరచుగా వినిపిస్తోంది, అది పొరపాటు. ‘కష్టజీవి’ అంటే చాలు. ‘చిరస్మరణీయం’ అన్నదానికి స్మరించదగినది అనే అర్థమే ఉన్నా, అది కూడా నివాళి వెళ్లిన దారినే వెళ్లుతున్న మాట.

వీటికంటె సూక్ష్మమైనది క్రియ. ‘ఆప్యాయంగా ఉండేవారు’, ‘కోపం వచ్చేది కాదు’ అన్నప్పుడు తెలుగులో వచ్చే అర్థం, ఒకప్పుడు ఆ అలవాటు ఉండేది, ఇప్పుడు లేదు అని. అలవాటు మారిపోయి ఉండాలి, లేదా ఆ మనిషే లేకపోయి ఉండాలి. ఉద్యోగం మానినంత మాత్రాన ఆయన ఆప్యాయత మానుకోరు. స్వభావాన్ని చెప్పేటప్పుడు ‘ఆప్యాయంగా ఉంటారు’, ‘ఆయనకు కోపం రాదు’ అనాలి. జరిగి ముగిసిపోయిన పనిని చెప్పేటప్పుడు ‘ఆ వానలో తానే వెళ్లి బండి బాగుచేశారు’ అనాలి. ఉద్యోగంతోపాటు ఆగిపోయే అలవాటుకు మాత్రమే ‘తెల్లవారుజామున మొదటి సర్వీసు కదిలేదాకా గేటు దగ్గరే నిలబడేవారు’ అన్న రూపం పొసగుతుంది, అది కూడా ఆయన రిటైరైన మర్నాటి నుంచే. నా మాట మన్నించి, అచ్చుకు ఇచ్చే ముందు ఇరవై ఆరు వ్యాసాలలోనూ ‘ఏవారు, ఏది’ అని ముగిసే క్రియలన్నింటి కింద ఒకసారి పెన్సిలుతో గీత గీసి చూడండి. ఆయనను మీరు తెలియకుండానే ఎన్నిసార్లు గతంలోకి తోసేశారో కనబడుతుంది.

తరువాతది ‘మా డిపో’. వినేవారిని కలుపుకొంటే మనం, కలుపుకోకపోతే మేము. ఈ తేడా తమిళంలోనూ ఉంది కాని ఇంగ్లీషులో లేదు, అందుకే ఇంగ్లీషు కార్యాలయ పత్రాలు రాసి రాసి అలవాటుపడ్డ చేయి ఈ తేడాను మరిచిపోతుంది. ఊరికి కొత్తవారితో ‘మా డిపోలో ఒక మెకానిక్ ఉన్నారు’ అనడం సహజమే. కాని ఈ పుస్తకాన్ని మొదట తెరిచేది ఎవరు? ఆయనే. ముప్పయ్యేళ్లకు పైగా ఆ గ్యారేజీలోనే బతుకు గడిపిన మనిషితో ‘మా డిపోకు మీరు చేసిన సేవలు’ అన్నామంటే, ఆ ఒక్క అక్షరంతో ఆయనను గేటు బయట నిలబెట్టినట్టే అవుతుంది. ‘మన డిపో’ అనండి. ఆయన తరువాత ఆ పుస్తకం చదివేవారు కూడా ఎక్కువగా మీ డిపోవారూ, వారి ఇళ్లలోవారే కనుక ఎవరికీ అది పరాయిగా వినిపించదు. ఒకవేళ బయటివారి కోసం ముందుమాట రాయించదలిస్తే, ఆ ఒక్క చోట ‘మా’ ఉంచుకోవచ్చు.

పిలుపుల సంగతి. దయచేసి మార్చవద్దు. పేరుకు ముందు ‘శ్రీ’, చివర ‘గారు’ అట్టమీద, సన్మానపత్రంలో పెట్టుకోండి. రెండూ కలిపి వాడడం తప్పు కాదు, ఎప్పటినుంచో ఉన్న మర్యాదే. లోపల మాత్రం ఎవరు ఆయనను ఏమని పిలుస్తారో అదే ఉండాలి. ‘ఉస్తాద్’ పారసీలో పుట్టి, ఉర్దూ మీదుగా మన గ్యారేజీలకూ సంగీత సభలకూ వచ్చిన మాట. గ్యారేజీలో అది పని నేర్పినవాడిని పిలిచే పిలుపు. దానిని ‘గారు’ అని మారిస్తే, రాసినవాడు ఆయన దగ్గర పని నేర్చుకున్నాడన్న సంగతే పుస్తకంలోంచి జారిపోతుంది. ‘కాకా’ అన్నవారికి ఆయన ఇంటి మనిషి. ‘సార్’ అన్నవారికి ఆయనతో ఉన్నది ఆఫీసు పరిచయం. ఇరవై ఆరుగురు రాసినదాన్నంతా ఒకే ‘గారు’ కిందికి తెస్తే అది ఒక్కరు రాసిన పుస్తకంలా ఉంటుంది. ‘వచ్చిండు, చెప్పిండు’ అనేవి కూడా అంతే. తెలంగాణ ఇళ్లలో ‘సారు వచ్చిండు’ అన్నప్పుడు అగౌరవం ఏమాత్రం లేదు. ‘వచ్చారు’ అన్నదే మర్యాద అని మనకు నేర్పింది పాఠ్యపుస్తకం. వర్ణక్రమంలో పొరపాట్లు దిద్దండి, యాసను దిద్దకండి. దిద్దిన ప్రతిని రాసినవారికి ఒకసారి చదివి వినిపించండి.

ఇప్పుడు మీరు పంపిన రెండో వ్యాసం, ఒక కుర్ర మెకానిక్ రాసినది. అందులో మహోన్నత, విశిష్ట వంటి విశేషణం ఒక్కటీ లేదు. ఇలా ఉంది: ‘ఉస్తాద్ స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకొని కండ్లు మూసుకుంటడు. బేరింగు గొంతు మారింది, బండి లైనుకు పంపకు అంటడు. ఇప్పి చూస్తే అట్లనే ఉంటది.’ ఈ నాలుగు ముక్కల్లో ఆ మనిషి పనితనం, జాగ్రత్త, ఆ బస్సు ఎక్కబోయే యాభైమంది ప్రాణాల మీద ఆయనకున్న బాధ్యత అన్నీ ఉన్నాయి. ‘గొంతు మారింది’ అన్న మాట ఆయన నోటి మాట. దానిని ‘శబ్దంలో వ్యత్యాసం వచ్చింది’ అని ఎవరైనా సంస్కరించబోతే అడ్డుకోండి.

తోటివాడిని పొగడడంలో మన భాషకు తొలి పాఠం నన్నయభట్టు దగ్గరే దొరుకుతుంది. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కోరికపై మహాభారతం తెనిగించబూనినప్పుడు, తనకు సాయంగా నిలిచిన నారాయణభట్టును ఆయన కావ్యం ఆరంభంలోనే తలచుకున్నాడు. భారత యుద్ధంలో అర్జునుడికి నారాయణుడు ఎలాగో తనకు ఈయన అలాగ అని చెబుతూ, ‘తన కిష్టుఁడున్ సహాధ్యాయుఁడు నైనవాఁ డభిమతస్థితిఁ దోడయి నిర్వహింపఁగన్’ అన్నాడు. తనకు ఇష్టుడు, తనతో చదువుకున్నవాడు, తాను కోరిన తీరున తోడై నిర్వహించాడు. ‘వాఙ్మయధురంధరుఁడు’ అనే పెద్ద మాటా ఆ పద్యంలో ఉంది. అయితే ధురంధరుడంటే కాడి మోసేవాడు, అదీ పని చెప్పే మాటే. అదే నారాయణభట్టుకు రాజు నందంపూడి గ్రామాన్ని దానమిచ్చినప్పుడు ఆ శాసనాన్ని రచించినదీ నన్నయభట్టే. అందులో ఆయన తన మిత్రుడు ఏయే భాషలలో కవిత్వం చెప్పగలడో సంస్కృతం, కర్ణాటం, ప్రాకృతం, పైశాచికం, ఆంధ్రం అని పేరుపేరునా లెక్కపెట్టాడు. ‘బహుభాషాకోవిదుడు’ అని ఒక్క ముక్కలో తేల్చలేదు. మీ ఇరవై ఆరుగురినీ అలాగే లెక్కపెట్టమనండి: ఏ బండి, ఏ రాత్రి, ఏ ఘాటు రోడ్డు, ఏం విప్పారు, ఏం బిగించారు, ఏమన్నారు.

‘సహోద్యోగి’ అనే మాటను ఒకరు ‘సహ ఉద్యోగి’ అని విడదీసి రాశారు, కలిపి రాయాలి. ‘సంపాదకవర్గం’ అని వేసుకోవడానికి మీకు బెరుకుగా ఉంటే ‘కూర్పు’ అనండి, అది మన మాటే.

అట్టమీద పెద్ద అక్షరాలలో ‘మన ఉస్తాద్’ అని వేయండి. దాని కింద ఆయన పేరు, ముందు ‘శ్రీ’తో, చివర ‘గారు’తో. ఆ కింద చిన్న అక్షరాలలో ‘ఉద్యోగ విరమణ అభినందన సంచిక’, అన్నిటికంటె కింద ‘కూర్పు: డిపో సిబ్బంది’ అని. ఇరవై ఆరు పేర్లూ చివరి పేజీలో ఉండాలి, హోదాల వరసలో కాక అకారాది వరసలో.