ప్రొక్యూర్‌మెంట్ కన్సల్టెంట్ కావాలంటే ముందు పర్చేజ్ సీటులో కూర్చోవాలి

ప్రశ్న: మా అబ్బాయికి 33 ఏళ్లు. కెమికల్ ఇంజినీరింగ్ చదివి, పరవాడ ఫార్మాసిటీలోని ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిపదార్థాల) కంపెనీలో తొమ్మిదేళ్లుగా ప్రొడక్షన్‌లో చేస్తున్నాడు. నైట్ షిఫ్టులతో విసిగిపోయి, ఉద్యోగం మానేసి ప్రొక్యూర్‌మెంట్ కన్సల్టెంట్ (కంపెనీలకు కొనుగోళ్లలో సలహాలిచ్చేవాడు) అవుతానంటున్నాడు. ఆన్‌లైన్‌లో ఏదో సర్టిఫికెట్ కూడా తెచ్చుకున్నాడు. పర్చేజ్ అంటేనే కమీషన్ల వ్యవహారం కదా, అందులో మళ్లీ కన్సల్టెంట్ ఏమిటి? ఇంటి లోను ఉంది, చిన్న పాప ఉంది. మాకు టెన్షన్‌గా ఉంది.
- ఒక తండ్రి, గాజువాక

జవాబు: మీ అనుమానం ఊరికే వచ్చింది కాదండీ. పర్చేజ్ సీటు చుట్టూ కమీషన్లు తిరుగుతాయని అందరికీ తెలిసిందే. అయితే బ్రోకరా, కన్సల్టెంటా అన్నది డబ్బు ఎవరిస్తున్నారన్న దగ్గర తేలిపోతుంది. సరుకు అమ్మేవాడిస్తే బ్రోకర్. చెప్పి చేస్తే అదీ ఒక వ్యాపారమే, తప్పేం లేదు. కొనే కంపెనీ ఫీజు ఇస్తే కన్సల్టెంట్. తెలియకుండా రెండు వైపులా తీసుకుంటే మాత్రం ఆ మాట దాగదు. పరవాడ నుంచి అచ్యుతాపురం దాకా పర్చేజ్ వాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే.

కంపెనీ ఎందుకు ఫీజు ఇస్తుందంటారా? ఉదాహరణకి ఒక ముడిసరుకు తీసుకుందాం. ఒక వెండర్ 98 శాతం ప్యూరిటీతో కిలో 500 రూపాయలకు ఇస్తానన్నాడు. ఇంకొకడు 94 శాతం సరుకు 485కి ఇస్తానన్నాడు. కొటేషన్లు పక్కపక్కన పెట్టి చూస్తే రెండోది 15 రూపాయలు చవక. అందులో నిజంగా పనికొచ్చే కిలోకి లెక్క కట్టండి: మొదటిది దాదాపు 510, రెండోది 516 పడుతుంది. మిగిలిన ఆ 6 శాతం మలినాన్ని ఎఫ్లుయెంట్ ట్రీట్‌మెంట్‌కి, అంటే వ్యర్థాల శుద్ధికి, పంపే ఖర్చు వేరే. ఫార్మాలో ఇంకో చిక్కు కూడా ఉంది. వెండర్‌ని మార్చాలంటే శాంపిల్ పరీక్షలు, ట్రయల్ బ్యాచ్‌లు, క్యూఏ (నాణ్యత చూసే విభాగం) ఆమోదం కావాలి. ఒక్కోసారి విదేశీ కస్టమర్‌కి కూడా తెలియజేయాలి. ఈ లెక్కంతా వేసి ‘ఈ సరుకు ఇక్కడ కొనండి, దీని జోలికి మాత్రం పోకండి’ అని చెప్పగలవాడికే ఫీజు. తొమ్మిదేళ్లు రియాక్టర్ల దగ్గర నిలబడ్డ మీ అబ్బాయికి ఇందులో సగం ఇప్పటికే తెలుసు. ఎంబీఏ చేసి నేరుగా పర్చేజ్‌కి వచ్చినవాళ్ల దగ్గర సాధారణంగా ఉండనిది ఇదే.

తెలియని సగం బేరం, కాంట్రాక్టు, క్రెడిట్, దిగుమతి. అది సర్టిఫికెట్‌తో రాదు. అందుకే నా సలహా, ఇప్పుడు రాజీనామా వద్దు. సొంత కంపెనీలోనే పర్చేజ్‌కి బదిలీ అడగమనండి. ఇవ్వకపోతే అదే రంగంలో ఇంకో కంపెనీలో పర్చేజ్ ఉద్యోగం చూసుకోవాలి, జీతం కాస్త తగ్గినా సరే. రెండు మూడేళ్లు అక్కడ ఉంటే చైనా నుంచి కంటైనర్ ఆలస్యమైతే ఏం చేయాలో, వెండర్ ధర ఎందుకు పెంచుతాడో అర్థమవుతుంది. నైట్ షిఫ్టుల బాధ కూడా చాలావరకు తీరుతుంది. నిజం చెప్పాలంటే అతనికి కావలసింది కన్సల్టెన్సీయా, డే షిఫ్టా అన్నది కూడా అప్పుడే తేలుతుంది.

ఆ కాలంలో చదువుకోవాలంటే, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెటీరియల్స్ మేనేజ్‌మెంట్ వాళ్ల డిప్లొమా ఉద్యోగం చేస్తూనే చేయొచ్చు. బ్రిటన్‌కి చెందిన కొనుగోలు నిపుణుల సంస్థ సిప్స్ (CIPS) ఇచ్చే అర్హతకి గల్ఫ్ దేశాల్లో మంచి విలువ ఉంది. కానీ ఫీజు పౌండ్లలో కట్టాలి. బయటికి వెళ్లే ఆలోచన లేకపోతే దానికి తొందరేం లేదు.

ప్రభుత్వ కొనుగోళ్ల వైపు కూడా అవకాశాలున్నాయి, కానీ అది వేరే బడి. కేంద్ర శాఖల ఖర్చులకు వర్తించే 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, ప్రభుత్వ శాఖలు ఆన్‌లైన్‌లో కొనేందుకు 2016లో మొదలైన జెమ్ (GeM) పోర్టల్, చిన్న పరిశ్రమల నుంచి 25 శాతం కొనాలన్న విధానం, ఇవన్నీ కంఠతా రావాలి. ఆర్థిక శాఖ ప్రొక్యూర్‌మెంట్ మాన్యువల్స్ నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. ప్రపంచ బ్యాంకు అప్పుతో నడిచే ప్రాజెక్టుల్లో ప్రొక్యూర్‌మెంట్ స్పెషలిస్టులను తీసుకుంటారు గానీ, అలాంటి టెండర్లు నడిపిన అనుభవం ఎన్నేళ్లుందని అడుగుతారు. ఇప్పుడు అప్లై చేస్తే మొదటి వడపోతలోనే పోతుంది. ‘జెమ్‌లో రిజిస్ట్రేషన్ చేసిపెడతాం’ అని బోర్డు పెట్టుకున్నవాళ్లను చూసి ఆశపడొద్దు. అది ఫారాలు నింపే పని, పోటీ ఎక్కువ, మిగిలేది తక్కువ.

తర్వాత క్లయింట్లు ఎవరంటే, పెద్ద కంపెనీలు కాదు. వాళ్లకు సొంత విభాగాలున్నాయి. ఓనరే ఫోన్‌లో సరుకు కొనే చిన్న, మధ్యతరహా యూనిట్లను చూడాలి. అక్కడ చేయాల్సింది చాలా ఉంటుంది. సూక్ష్మ, చిన్న తయారీదారులకు బిల్లు ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లోపు చెల్లించాలని చట్టం. ఆ గడువు దాటి, ఆర్థిక సంవత్సరం ముగిసేనాటికి కూడా బాకీ ఉంటే, ఆ ఏడాది పన్ను లెక్కలో ఆ ఖర్చు చూపించుకోవడానికి లేదు. 2023-24 నుంచి అమల్లో ఉన్న ఈ నిబంధన వల్ల ఎవరి దగ్గర కొంటున్నామన్నది కూడా డబ్బు లెక్కే అయింది.

ఫీజు మొదట్లో నెలవారీగా మాట్లాడుకోవడం మంచిది. ‘మిగిల్చినదాంట్లో ఇంత శాతం’ అనే ఒప్పందం వినడానికి బాగుంటుంది. తీరా డబ్బు ఇవ్వాల్సి వచ్చేసరికి ‘మార్కెట్లో రేటు అదే తగ్గింది, నువ్వు చేసిందేముంది’ అంటారు. అలా ఒప్పుకోక తప్పకపోతే పాత ధర ఏమిటో, ఏ తేదీ నాటిదో ముందే కాగితం మీద రాసుకోవాలి.

రాజీనామా ఎప్పుడంటే, ఒక కంపెనీ ఆరు నెలల పనికి రాతపూర్వకంగా ఒప్పుకుని, ఇంట్లో ఏడాది ఈఎంఐలకీ ఖర్చులకీ డబ్బు పక్కన ఉన్నప్పుడు. పీఎఫ్ అందులో లెక్కేయొద్దు. కంపెనీ ఆరోగ్య బీమా పోతుంది కాబట్టి పాపతో కలిపి కుటుంబానికి సొంత పాలసీ ముందే తీసుకోవాలి. అపాయింట్‌మెంట్ లెటర్‌లో గోప్యత షరతు ఏముందో కూడా ఇప్పుడే ఒకసారి చదవమనండి. పాత కంపెనీ వెండర్ల రేట్ల పట్టిక పెన్‌డ్రైవ్‌లో పట్టుకుపోయి కొత్త క్లయింటుకి చూపిస్తే కేసు సంగతి తర్వాత, రేపు తన రేట్లు కూడా ఇలాగే బయటికి పోతాయని ఆ క్లయింటుకే అనుమానం వస్తుంది.