మోకాలి దెబ్బకు పరిహారం: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. నిన్న మీ అమ్మ ఫోను చేసి చెప్పిన మాట విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు. నిన్ను గుద్దిన లారీ యజమాని తరఫు మనిషి ఒకడు ఆసుపత్రికి వచ్చాడట. ఇన్సూరెన్సు వాళ్లచేత రెండున్నర లక్షలు త్వరగా ఇప్పిస్తానని, కాగితాల మీద సంతకాలు పెడితే చాలని అన్నాడట. చేతిబదుళ్లు తీరిపోతాయని నువ్వు సగం ఒప్పుకున్నావట కూడా. ముప్పై ఒక్క సంవత్సరాలు వకీలు గుమాస్తాగా మోటారు ప్రమాదాల కేసుల కట్టలు మోసినవాణ్ణి. ఈ ఉత్తరం చివరిదాకా చదివే వరకు దేనిమీదా సంతకం పెట్టకు.

ఆ మనిషి చెప్పిన రెండున్నర లక్షలు అబద్ధం కాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 164వ సెక్షను ప్రకారం, తప్పు ఎవరిదన్న విచారణ లేకుండానే, మరణానికి అయిదు లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు ఇవ్వాలి. ఎముక విరగడం తీవ్ర గాయమే. అయితే అతను నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ సెక్షను కింద డబ్బు పుచ్చుకున్నవాడు, పూర్తి నష్టానికి పరిహారం కోరుతూ 166వ సెక్షను కింద ట్రిబ్యునల్లో, అంటే మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే కోర్టులో, వేసిన పిటిషను అక్కడితో రద్దయిపోతుందని అదే చట్టం చెబుతోంది. అంటే నీ మోకాలికి, రాబోయే ముప్పై ఏళ్ల నీ పనికి కలిపి రెండున్నర లక్షలతో లెక్క ముగిసిపోతుంది. తప్పు ఎవరిదో తేల్చలేని ప్రమాదంలోనూ, సాక్ష్యం దొరకని చోటా ఆ 164వ సెక్షను పేదవాడికి మంచి ఆసరాయే. చిట్యాల దగ్గర హైవే మీద వెనుక నుంచి లారీ గుద్దిన నీకు మాత్రం అది చవక బేరం.

ఎంత చవకో చూపిస్తాను, లెక్క కష్టమైనదేమీ కాదు. నీకు ముప్పై రెండేళ్లు. 31 నుంచి 35 ఏళ్ల వయసువారికి సంవత్సరపు ఆదాయాన్ని 16తో హెచ్చవేయాలని 2009లో సర్లా వర్మ కేసులో సుప్రీంకోర్టు పట్టిక ఖరారు చేసింది. స్వంతంగా పని చేసుకునేవాడు నలభై ఏళ్ల లోపువాడైతే, ముందుముందు పెరిగే సంపాదన కింద ఆదాయానికి మరో నలభై శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేఠీ కేసులో చెప్పింది. ఇది చనిపోయినవారి కుటుంబాలకే కాక, శాశ్వత వైకల్యం మిగిలినవారికి కూడా వర్తిస్తుందని 2020లో మరో తీర్పులో స్పష్టం చేసింది. ఇప్పుడు టైల్స్ పనిలో నీకు నెలకు పద్దెనిమిది వేలు మిగులుతాయని రుజువైందనుకుందాం. సంవత్సరానికి 2,16,000, నలభై శాతం కలిపితే 3,02,400. సంపాదించే శక్తిలో నాలుగో వంతు పోయిందని తేలితే ఏడాదికి 75,600 నష్టం, దాన్ని 16తో హెచ్చిస్తే 12,09,600 రూపాయలు. నలభై శాతం పోయిందని తేలితే అదే లెక్క 19,35,360 అవుతుంది. ఆసుపత్రి ఖర్చులు, మంచం మీద ఉన్న నెలల కూలి, నొప్పికీ బాధకూ ఇచ్చేది, ముందు చేయించుకోవలసిన ఆపరేషను ఖర్చు దీనికి వేరుగా కలుస్తాయి. ఇంత వచ్చి తీరుతుందని హామీ ఇవ్వడం లేదు. ఆదాయం రుజువు కాకపోతే పద్దెనిమిది వేలు కాస్తా పన్నెండు వేలవుతుంది, అప్పుడు పై 12,09,600 కూడా 8,06,400కు దిగిపోతుంది. నీ కేసు బలమంతా రెండు అంకెల్లోనే ఉంది: నీ నెల ఆదాయం, నీవు కోల్పోయిన పని శాతం.

ఆ రెండో అంకె దగ్గరే మనవాళ్లు ఎక్కువగా నష్టపోతారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. సదరం క్యాంపులోనో జిల్లా మెడికల్ బోర్డులోనో డాక్టరు నీ కాలు చూసి, వంగే కోణం కొలిచి, పాతిక శాతమో ముప్పై శాతమో వైకల్యమని రాసిస్తారు. అది కాలికి వేసిన శాతం. ట్రిబ్యునల్ తేల్చవలసింది ఆ వైకల్యం నీ సంపాదనను ఎంత దెబ్బ తీసిందన్నది. 2010లో రాజ్ కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ తీర్పులో సుప్రీంకోర్టు దీన్ని చక్కగా విడమరిచింది. ఎడమ చెయ్యి పోయిన డ్రైవరుకో వడ్రంగికో సంపాదన దాదాపు పూర్తిగా పోయినట్టే, అదే చెయ్యి పోయిన ప్రభుత్వ గుమాస్తా తన కుర్చీలో కూర్చుని అదే జీతం తీసుకోగలడు అని ఉదాహరణ ఇచ్చింది. నీ సంగతి ఆలోచించు. కుర్చీలో కూర్చుని చేసే పనికి మోకాలు తొంభై డిగ్రీలు వంగితే సరిపోతుంది. టైల్స్ మేస్త్రి రోజంతా గొంతుకూర్చుని, నేలకు మొహం ఆనించినంత పనిగా వంగి, మట్టం చూసుకుంటూ, సిమెంటు పాలు పోస్తూ వెనక్కి జరగాలి. ఆ కూర్చోవడం పోతే ఆ పనే పోతుంది. ఈ మాట నీ పిటిషనులో ఉండాలి, నీ సాక్ష్యంలో ఉండాలి, అన్నిటికంటే ముఖ్యంగా నీకు ఆపరేషను చేసిన డాక్టరు నోట రావాలి. ఈసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు నువ్వేం పని చేస్తావో, ఎలా కూర్చుని చేస్తావో ఆయనకు చెప్పు. వీలైతే పని చేస్తున్న ఫొటో ఒకటి ఫోనులో చూపించు. ‘గొంతుకూర్చోలేడు, బరువు ఎత్తలేడు, మెట్లు కష్టం’ అని ఆయన రికార్డులో రాస్తే, రేపు బోనులో చెప్పడానికి ఆయనకు ఆధారం ఉంటుంది.

కోర్టు వరండాల్లో తిరిగే కొందరు, నిన్ను ఎన్నడూ చూడని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, అరవై శాతమని సర్టిఫికెట్ ఇప్పిస్తామంటారు. అలాంటి సర్టిఫికెట్లను అనుమానంగా చూడాలని ఆ రాజ్ కుమార్ తీర్పులోనే ఉంది. వైద్యం చేయని డాక్టరును ఇన్సూరెన్సు వకీలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో నాలుగు ప్రశ్నలడిగితే, దొంగ శాతంతో పాటు నీ నిజమైన బాధ కూడా కొట్టుకుపోవడం నేను కళ్లారా చూశాను.

ఇక మొదటి అంకె, ఆదాయం. మనవాళ్లకు జీతం రసీదులు ఉండవు, వారం వారం చేతికి డబ్బు వస్తుంది. అయినా ఆనవాళ్లు ఉంటాయి. కాంట్రాక్టర్లు ఫోన్‌పేలో వేసిన డబ్బులకు సంబంధించి గత రెండేళ్ల బ్యాంకు స్టేట్‌మెంటు తీయించు. భవన నిర్మాణ కార్మికుల బోర్డులో నీకు లేబర్ కార్డు ఉన్నట్టు గుర్తు, అది నువ్వు ఏ పనివాడివో చెప్పే కాగితం. అడుగుల లెక్కలు రాసుకునే నీ చిట్టా పుస్తకం పారేయకు, దాన్ని అందంగా తిరగరాయాలని కూడా చూడకు, సిమెంటు మరకలతో ఉన్నదే నమ్మకంగా ఉంటుంది. నీకు పని ఇచ్చే కాంట్రాక్టర్లలో ఒకరు ఉత్తరం రాసివ్వడమే కాక, కోర్టుకు వచ్చి చెప్పడానికి సిద్ధపడాలి. రాసినవాడు రాకపోతే ఆ ఉత్తరానికి విలువ తక్కువ. పద్దెనిమిది వేలు వచ్చేవాడివి ముప్పై వేలని చెప్పకు. బ్యాంకు స్టేట్‌మెంటు నీకు ఎంత సాయం చేస్తుందో, అబద్ధానికి అంత అడ్డం పడుతుంది.

ఆసుపత్రి కాగితాలకు ఒక గుడ్డ సంచి కేటాయించమని అమ్మాయికి చెప్పు. ఎఫ్‌ఐఆర్ కాపీ, మొదట చేర్చుకున్న ఆసుపత్రి మెడికో లీగల్ రికార్డు, గాయాల వివరం రాసిచ్చే వూండ్ సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రే ఫిల్ములు, మందుల బిల్లులు, ఆటో ఖర్చుల లెక్క, నిన్ను చూసుకోవడానికి ఆమె ఎన్ని రోజులు కూలి మానుకుందో ఆ లెక్క, అన్నీ తేదీల వారీగా అందులో ఉండాలి. థర్మల్ కాగితం మీద వచ్చే బిల్లులు ఆర్నెల్లలో వెలిసిపోతాయి, ఈ రోజే జిరాక్సు తీయించు. చెట్టు మీద నుంచి కాదు, మోపెడ్ మీద నుంచి పడి నడుం విరిగిన ఒక గీత కార్మికుడి కేసులో, లక్ష దాటిన మందుల బిల్లులు తెల్లకాగితాలై కనిపించిన రోజు మా వకీలుగారు తల పట్టుకున్నారు. ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజుల్లో లక్షన్నర వరకు నగదు లేని చికిత్స అందించే కేంద్ర పథకం 2025 మేలో అమలులోకి వచ్చింది, నీ బిల్లులో ఏదైనా దాని కింద సర్దారేమో ఆసుపత్రి కౌంటరులో అడిగి తెలుసుకో. నీ చేతి నుంచి పోయిన డబ్బునే నువ్వు అడగాలి.

రాడ్లు తీయడానికి మళ్లీ ఆపరేషను పడుతుందని, ముందు ముందు మోకాలు మార్చవలసి రావచ్చని డాక్టరు అన్నారంటున్నావు. దానికి ఖర్చు అంచనా ఇప్పుడే రాయించుకో. పరిహారం ఒక్కసారే తేలుస్తారు. అయిదేళ్ల తరువాత మళ్లీ ఆపరేషను వచ్చిందని అదే ట్రిబ్యునల్‌కు వెళ్లి అడగడం కుదరదు. అయితే పిటిషనులో నువ్వు వేసిన అంకె కంటే ఎక్కువ న్యాయమనిపిస్తే ట్రిబ్యునల్ ఎక్కువ ఇవ్వవచ్చు. ఈ రెండు మాటలూ 2002లో నాగప్ప కేసులో సుప్రీంకోర్టు చెప్పినవే.

గడువు ఆరు నెలలు, అది ప్రమాదం జరిగిన రోజు నుంచే మొదలవుతుంది. ఈ గడువు న్యాయమా కాదా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అది ఎలా తేలినా నువ్వు మాత్రం మూడో నెల దాటనివ్వకు. పోలీసులు ప్రమాదం జరిగిన నలభై ఎనిమిది గంటల్లో మొదటి నివేదిక, తొంభై రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలని 2022 ఏప్రిల్ నుంచి నియమం ఉంది, ఆ నివేదికనే పిటిషనుగా తీసుకోవచ్చని చట్టంలోనూ ఉంది. స్టేషనుకు వెళ్లి అది పంపారో లేదో అడుగు, కాపీ తీసుకో. కానీ దాని మీదే ఆశ పెట్టుకుని కూర్చోవద్దు, స్వంతంగా పిటిషను వేయడమే మేలు. ప్రమాదం నల్లగొండ జిల్లాలో జరిగినా, నీ నివాసం హైదరాబాదు కాబట్టి అక్కడి ట్రిబ్యునల్లోనే వేసుకోవచ్చు. ఈ కాలితో వాయిదాకొకసారి బస్సెక్కి నల్లగొండ రానవసరం లేదు.

హెల్మెట్ పెట్టుకోలేదని ఇన్సూరెన్సు వాళ్లు కేసు కొట్టేస్తారేమోనని భయపడుతున్నావట. పెట్టుకోకపోవడం తప్పే, పెద్దవాడిగా ఆ చీవాట్లు వేరే పెడతాను. కానీ వెనుక నుంచి లారీ గుద్దడానికీ, మోకాలు విరగడానికీ హెల్మెట్‌తో సంబంధం లేదు. బండి మీద ముగ్గురు ఎక్కారన్న ఒక్క కారణంతో, ఆ ముగ్గురి వల్లే ప్రమాదం జరిగిందని చూపకుండా, పరిహారం కోయరాదని 2020లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. నీకూ అదే తర్కం. అడిగితే పెట్టుకోలేదనే చెప్పు.

మీ అమ్మకు ఇంకో బాధ ఉంది, డ్రైవరు కూడా పిల్లలు గలవాడు, అతని ఉసురు మనకెందుకు అని. ఆ లారీకి థర్డ్ పార్టీ పాలసీ ఉంది. కట్టేది కంపెనీ. అతని లైసెన్సులో లోపమున్నా, చాలా కేసుల్లో ముందు కంపెనీచేత నీకు కట్టించి, ఆ తరువాత యజమాని దగ్గర వసూలు చేసుకొమ్మంటారు. మా చెల్లెలికి, అదే మీ అమ్మకు, ఈ సంగతి నెమ్మదిగా చెప్పు, నా మాట కంటే నీ మాట వింటుంది.

వకీలు విషయంలో నేను మొహమాటం లేకుండా రాయాలి, ఆ ఉప్పు తిన్నవాణ్ణి అయినా. వచ్చిన దాంట్లో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించాయి. అయినా ఆ మాట నీ చెవిన పడకుండా ఉండదు. ఫీజు ఎంతో, ఎప్పుడెప్పుడు ఇవ్వాలో ముందే తేల్చుకుని కాగితం మీద రాసుకో. వకాల్తా తప్ప ఖాళీ కాగితాల మీద, ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టకు. పరిహారం డబ్బు నేరుగా బాధితుడి బ్యాంకు ఖాతాలో పడేలా చూడాలని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది కనుక, పాసుబుక్కు నీ పేరనే, నీ చేతిలోనే ఉండాలి. ఫీజు పెట్టుకోలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టు. ఆదాయం తక్కువవారికీ, వైకల్యం ఉన్నవారికీ ఉచితంగా వకీలును ఇస్తారు.

రాజీకి నేను వ్యతిరేకిని కాను. లోక్ అదాలత్‌లో నెలల్లో తేలిన కేసులు, పైకోర్టు దాకా వెళ్లి పదేళ్లు నలిగిన కేసుల కంటే ఆ కుటుంబాలకు ఎక్కువ మేలు చేశాయి. కాని అక్కడి అవార్డు మీద అప్పీలు లేదు. అందుకే వైద్యం ఒక దారికి వచ్చి, వైకల్యం శాతం తేలి, పై లెక్క మన చేతిలో ఉన్నప్పుడే అక్కడ కూర్చోవాలి. కేసు నడిస్తే వచ్చే వడ్డీ పిటిషను వేసిన నాటి నుంచి కలుస్తుంది, ఆ వడ్డీని కూడా బేరంలో లెక్కలోకి తీసుకో. విచారణ జరిగి వచ్చిన తీర్పు తక్కువనిపిస్తే తొంభై రోజుల్లో హైకోర్టుకు వెళ్లవచ్చు.

చేతిబదుళ్ల వాళ్లతో నేను మాట్లాడతాను, మీ అత్తయ్య దగ్గర చీటీ డబ్బు కొంత ఉంది, ఒకటి రెండు నెలలకు సర్దుతాం. ఆ లారీ తరఫు మనిషి మళ్లీ వస్తే మర్యాదగా కూర్చోబెట్టి, మామయ్య వచ్చాక మాట్లాడతానని చెప్పి పంపు. ఆదివారం పొద్దున మొదటి బస్సుకు బయలుదేరుతున్నాను. ఎఫ్‌ఐఆర్ కాపీ, డిశ్చార్జి సమ్మరీ, చిట్టా పుస్తకం మంచం పక్కన పెట్టించు.

ఇట్లు,
నీ మామయ్య