మెత్త పగడాలు ట్యాంకంత పాకితే ఏం జేయాలె? ఉప్పునీళ్ల అక్వేరియం ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అన్నా, మాది రెండున్నర ఫీట్ల ట్యాంక్, 120 లీటర్లు. 10 నెలల కింద బొటనవేలంత గ్రీన్ స్టార్ పాలిప్స్ ముక్క, రెండు జీనియా కొమ్మలు పెట్టిన, రెండూ మెత్త పగడాలే. ఇప్పుడు స్టార్ పాలిప్స్ నడిమి రాయి మొత్తం కప్పేసి మష్రూమ్ పగడాల మీదికెక్కింది, జీనియా పోయి పంపు మూతి మీద గూడ మొలిచింది. లెదర్ కోరల్ (ఇంకో మెత్త పగడం) వారం నుంచి ముడుచుకునే ఉంది. పీకేద్దామంటే చచ్చిపోతయేమోనని భయం. – ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: తమ్మీ, చచ్చిపోతయని నువ్వు భయపడుతున్నవు గని అవి అంత తేలికగ చావవు, అసలు తిప్పలే అది. చెరువుల గుర్రపుడెక్క తీసినోళ్లనడుగు, పొద్దంత తీసి ఒడ్డుకేస్తరు, నెల తిరిగేసరికి మళ్ల అంతే. గట్టి పగడాలు కాల్షియం పట్టుకొని రాయి కట్టుకుంట పోవాలె కాబట్టి మెల్లగ పెరుగుతయి, వీటికి ఆ పని లేదు, ఒంట్ల సన్నసన్న సూదులసొంటి ముక్కలు తప్ప రాయి ఉండదు, లోపలున్న నాచు లైటు పట్టుకొని తిండి తయారు చేసి పెడుతది, ఇగ వచ్చిన బలమంత పాకుడికే.

నేను గూడ ఇదే పని చేసిన. షాపాయన 'కొత్తోళ్లకు మస్తుంటది సార్' అన్నడు, నిజమే అన్నడు, గని ఎక్కడ పెట్టాల్నో చెప్పలే, నేను తీస్కపోయి నడిమి రాయికి అతికించిన. ఏడాదికి ఒక ఆదివారం కూసొని పాత బ్లేడుతోని లేపుడు షురూ చేసిన. స్టార్ పాలిప్స్ అడుగు ఊదారంగు చాప, పట్టుకుంటే రబ్బరు లెక్క ఉంటది. అంచుకాడ సర్వపిండి గంజు నుంచి లేచినట్టు నీట్‌గ లేచింది, నడుమకు పోయేసరికి రాయి గుంతలల్లకు దిగి ఉంది, చిరిగి చిరిగి వచ్చింది. గుంతలల్ల మిగిలిన గోరంత ముక్కలు రెండు వారాలకు మళ్ల పచ్చగ విచ్చుకున్నయి. ఇల్లంత సముద్రం వాసన, ఆ రోజు మా ఇంట్ల పప్పు గూడ ఎవ్వలు సరిగ తినలే.

అందుకని నువ్వు మొత్తం తీసేద్దామని కూసోకు. ఆ రాయి బయటికొచ్చేదైతే ట్యాంకుల నీళ్లే ఒక టబ్బుల పోసుకొని అందులనే గీకు, ట్యాంకుల గీకితే తెగిన ముక్కలు కొట్టుకపోయి ఎక్కడ ఆగితే అక్కడ ఇంకో సంసారం పెడుతయి. గీకినంక ఆ రాయిని మిగతా రాళ్ల నుంచి నాలుగైదు ఇంచులు దూరం జరిపి ఇసుకల ఒంటరిగ పెట్టు. ఇసుక మీద పాకుడు దానికి కష్టం, అసలే పాకదని గాదు, వారానికోసారి అంచులు చూస్కుంట ఉండాలె. ఇంకా మంచిది వెనక అద్దం, అద్దానికి పట్టించినవంటే పచ్చటి గోడ లెక్క మస్తుంటది, హద్దు దాటితే కార్డు పెట్టి గీకేయొచ్చు.

జీనియాకు మాత్రం కత్తి తొందరపడి తీయకు. దాని పక్కకు ఒక చిన్న రాయి పెట్టి ఊకుంటే అదే మెల్లగ ఆ రాయెక్కుతది, ఎక్కినంక నడుమ తెంపి రాయితోని సహా తీసేయొచ్చు. సూపర్ గ్లూతోని అతికిద్దామని చూడకు, జిగురు జిగురుగ ఉంటది, పొద్దునకల్ల ఊడిపోతది. తెంపిన ముక్కలు దాచాలంటే రాతి పలుకులు పోసిన చిన్న గిన్నెల వేసి నీళ్ల వడి తక్కువున్న మూలకు పెడితే వారం రెండు వారాలకు అవే పట్టుకుంటయి.

ఇగ లెదర్ కోరల్. దాని మీద మైనం పొర లెక్క తెల్లగ మెరుస్తుంటే అది తోలు విడుస్తుంది, మామూలే, కొద్దిగ వడి పెంచితే పొర ఊడిపోతది, పది పదిహేను రోజులకు తెరుచుకుంటది. పొర లేకుంట ఊకె ముడుచుకుంటే మాత్రం పక్కోళ్లతోని లొల్లి అనుకో. మెత్త పగడాలకు మాటలు రావు గని నీళ్లల్లకు టెర్పీన్ల జాతి విషాలు విడిచి పక్కదాన్ని ఎదగనియ్యవు. ఆ విషాలను పీల్చే యాక్టివేటెడ్ కార్బన్ (ఒక తీరు బొగ్గు) ఒక సంచిల వేసి ఫిల్టర్ల పెట్టు, నెలకోసారి మార్చు. గీకిన రోజు 20 శాతం నీళ్లు మార్చుడు మర్చిపోకు. చేపలకు తిండి గూడ జర తగ్గించు, ఇంత జోరుగ పెరిగినయంటే నీళ్లల్ల నైట్రేట్ (మిగిలిన తిండి, చేపల మురికి నుంచి పుట్టేది) బాగనే ఉండుంటది.

ప్రశ్న: మా జీనియా ఆరు నెలలు మంచిగ పెరిగి, మొన్న నాలుగు రోజులల్లనే కరిగి జారిపోయింది. నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా, ఇంత క్లీన్‌గ ఉన్నా ఎందుకు? – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అక్కా, ఆ సున్నాల మీదనే నాకు అనుమానం. జీనియాకు కొద్దిగ మురికి ఉన్న నీళ్లే పడుతయి. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 పీపీఎం దగ్గర ఉంచి చూడండి. ఉప్పు సాంద్రత గూడ చెక్ చేయండి, 1.025 ఉండాలె, ఒక్కరోజుల అటూ ఇటూ ఊగినా ఇది తట్టుకోదు. ఒక్కోసారి ఏ కారణం దొరకకుండనే గుంపుకు గుంపు పోతది, జీనియా పెంచినోళ్లకు ఈ దెబ్బ మామూలే. గుప్పిట మూసి తెరిచినట్టు అది కొట్టుకుంటది చూడండి, ఆ కొట్టుకునుడు వల్ల ఒంటి పక్కన జమైన ఆక్సిజన్ కొట్టుకపోయి కిరణజన్య సంయోగక్రియ జోరుగ సాగుతదని ఎర్ర సముద్రం జాతి మీద చేసిన పరిశోధనల 2013ల తేలింది. కొట్టుకునుడు తగ్గితే నీళ్లు టెస్ట్ చేసుడు మొదలు పెట్టాలె, కరిగేదాక ఆగొద్దు.

ప్రశ్న: మే నెల వచ్చిందంటే భయం. చిల్లర్ (ట్యాంకు నీళ్లను సల్లబరిచే మిషిన్) కొనే తాకత్ లేదు. కూలర్ పెడితే సరిపోదా? – ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: సరిపోదు, కొన్నిసార్లు ఉల్టా అయితది. ట్యాంకు మీద ఫ్యాన్ పెడితే నీళ్లు ఆవిరైతయి, ఆ ఆవిరి వేడిని తీస్కపోతది, రెండు మూడు డిగ్రీలు తగ్గుతది. మన దగ్గర ఎండకాలం గాలి పొడిగ ఉంటది కాబట్టి ఇది మంచిగ పని చేస్తది. గని అదే రూముల నీళ్ల కూలర్ తిప్పితే గాలి తేమ పడుతది, ఫ్యాన్ ఎంత తిరిగినా నీళ్లు ఆవిరి గావు. కూలర్ ఇంకో రూముల పెట్టండి, ట్యాంకున్న రూముకు కిటికీలు తెరవండి. 24 నుంచి 27 డిగ్రీలు మంచిది, 30 దాటి ఉండిపోతే లోపలి నాచును పగడం బయటికి తోసేస్తది, తెల్లబడుతది. ఐసు ముక్కలు డైరెక్టుగ వేయకండి, సీసల పోసి మూత బిగించి తేలేయండి, అది గూడ ఒకటొకటిగ.

ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు గాదు, కాబట్టి తగ్గినంత మేర మంచి నీళ్లే పోయాలె, ఉప్పునీళ్లు పోసిరంటే రోజురోజుకు చిక్కబడుతది. అద్దం మీద టేపు ముక్క అతికించి గీత పెట్టుకోండి, గీత దిగితే పోసుడే. ఆ నీళ్లు గూడ బోరువి వద్దు, మా ఇంటి బోరు టీడీఎస్ (నీళ్లల్ల కరిగున్న లవణాల లెక్క) 700 చూపిస్తది. తాగే ఆర్ఓ గూడ నమ్మొద్దు, చానా వాటికి టీడీఎస్ కంట్రోలర్ ఉంటది, రుచి కోసం కొన్ని లవణాలు మళ్ల కలుపుతది. ఆర్ఓ తర్వాత మిగిలిన లవణాలు గూడ పట్టేసే డీఐ రెసిన్ పెట్టి టీడీఎస్ సున్నా వచ్చినంకనే పోయాలె. కరెంటు పోతే లైట్లు మర్చిపోండి, ఇన్వర్టర్ మీద ముందు వేవ్ మేకర్ (నీళ్లు కదిపే పంపు) నడవాలె, నీళ్లు కదలకుంటే ఊపిరాడక చేపలే ముందు పోతయి.

ప్రశ్న: జోయాంథిడ్స్ (గుండీలసొంటి చిన్న పగడాల జాతి జీవులు) మస్తు పెరిగినయి, వద్దనిపిస్తుంది. ఆ రాయిని వేడినీళ్లల్ల ఉడికిస్తే పోతయా? – ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: అసలే వద్దు తమ్మీ, ఈ ఒక్క జవాబు మాత్రం రెండుసార్లు చదువు. జోయాంథిడ్స్‌ల కొన్నిటికి పాలిటాక్సిన్ అనే విషం ఉంటది, సముద్రంల దొరికే విషాలల్ల మస్తు ఘాటైనదాంట్ల ఇదొకటి. రాయి ఉడికిస్తే ఆవిరితోని ఊపిరిల పోతది, విదేశాలల్ల ఇంటిల్లిపాది ఆస్పత్రి పాలైన కేసులు ఉన్నయి. గట్టి బ్రష్షుతోని రుద్దుడు, వేడి నీళ్లు కొట్టుడు గూడ వద్దు. గ్లోవ్స్, కండ్లద్దాలు పెట్టుకొని, చేతికి గాయం లేకుంట చూస్కొని, రాయిని నీళ్లల్లనే బకెట్లకు దింపి, మూత పెట్టి, పెంచుతనన్నోళ్లకు ఇచ్చేయ్, ఈ సంగతి గూడ చెప్పి ఇయ్యి. పొరపాటున నోట్ల చేదుగ లోహం రుచొచ్చినా, జ్వరం, ఒళ్లు నొప్పులు, ఊపిరి ఆడకపోవుడు అనిపించినా ఆలస్యం చేయకుండ ఆస్పత్రికి పో, డాక్టరుకు పాలిటాక్సిన్ అని పేరు పెట్టి చెప్పు.

ప్రశ్న: రామేశ్వరం పోతున్నం. ఒడ్డుకు పగడం ముక్కలు పడి ఉంటయట, ట్యాంకుల అలంకరణకు తెచ్చుకోవచ్చా? – ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: తెచ్చుకోకండి చెల్లె. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంల రీఫు (సముద్రంల పగడాల దిబ్బ) కట్టే గట్టి పగడాలను, నల్ల పగడాలను, ఫైర్ కోరల్‌ను, ఆర్గన్ పైప్ కోరల్‌ను, సీ ఫ్యాన్లను 2001ల మొదటి షెడ్యూల్ల చేర్చిన్రు, పులికి ఉన్నంత రక్షణ అన్నమాట, చచ్చిన ముక్కైనా నేరమే. ఎవరన్న అమ్మినా కొనకండి. ట్యాంకుల పెంచిన మెత్త పగడాలు కొనేటప్పుడు గూడ ఎక్కడ పెంచినయో అడిగి బిల్లు తీసుకోండి. ఒక్కటి మాత్రం జాగ్రత్త, ఆర్గన్ పైప్ పాలిప్స్ విచ్చుకుంటే అచ్చం మెత్త పగడం లెక్కనే కనపడుతయి, కొత్తోళ్లు స్టార్ పాలిప్స్ అనుకుంటరు. కింద చూడండి, ఎర్రటి సన్న పైపులు కట్ట కట్టినట్టుంటే అది ఆర్గన్ పైపే, షాపుల పెట్టి వచ్చేయండి.