జారని డెక్ కోసం కాంపోజిట్ పలకలు ఎంచుకోబోతున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

ఇంటి వెనుక ఆరుబయట పలకలు పరిచి కట్టిన చెక్క డెక్ మీద పాకుడు పట్టి వానాకాలంలో కాలు నిలవడం లేదనీ, దాన్ని తీయించి, కలప పొడీ ప్లాస్టికూ కలిపి చేసే కాంపోజిట్ పలకలు వేయించాలనుకుంటున్నావనీ, ఇంట్లో పెద్దవాళ్లూ పసిపిల్లలూ ఉన్నందువల్ల అన్నిటికంటే ముందు జారుడు లేనిదే కావాలనీ రాశావు. ఈ పనిలోనే చాలా కాలం గడిపినవాణ్ణి గనుక నాకు తెలిసినది వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదువు.

చెక్క డెక్ జారడానికి చాలావరకు కారణం దాని మీద పెరిగే పాకుడే. నీడ, ఆరని తడి, రాలిన ఆకులు, కింద గాలి ఆడకపోవడం ఉన్నచోట అది చెక్క మీద పెరిగినట్టే ప్లాస్టిక్ మీద కూడా పెరుగుతుంది. కాబట్టి పలక మార్చినంత మాత్రాన సమస్య దానంతట అదే తీరదు. ఉన్న కలప గట్టిగా ఉండి, పుచ్చు లేకుండా ఉంటే, దాన్ని బాగా కడిగించి, నడిచే దారిలో గరుకు పట్టీలు బిగించుకోవడం కూడా మంచి మార్గమేనని ముందుగా చెబుతున్నాను. కలప పుచ్చిపోయి, పేడ్లు లేచి పిల్లల కాళ్లలో గుచ్చుకునే దశకు వచ్చి ఉంటే మాత్రం కాంపోజిట్ వైపు వెళ్లడం సబబు.

కాంపోజిట్ పలకను కలప పొడిని పాలిథిలిన్, పాలీప్రొపిలిన్, పీవీసీ వంటి ప్లాస్టిక్‌తో కలిపి, వేడి చేసి, అచ్చులోంచి నెట్టి తయారుచేస్తారు. కొన్ని పలకలలో ఈ మిశ్రమమే పైకి కనిపిస్తుంది. అందులోని కలప పొడి కొంత నీరు పీల్చుకుంటుంది గనుక వాటికి మరకలూ బూజూ పట్టే అవకాశం ఎక్కువ. మరికొన్నిటికి చుట్టూ ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. వాటిని క్యాప్డ్ పలకలంటారు. తొడుగు మరకలను ఆపుతుంది, రంగును కాపాడుతుంది. అయితే ఆ తొడుగు నున్నగా ఉంటే, తడిసినప్పుడు చెక్క కంటే ఎక్కువ జారినా ఆశ్చర్యం లేదు. మన్నికకు పనికివచ్చే గుణమూ పట్టునిచ్చే గుణమూ వేరువేరని ఇక్కడే గుర్తించాలి. నీ అవసరానికి నాలుగు వైపులా తొడుగు ఉండి, పైభాగాన చెక్క ఈనెల మాదిరి అచ్చు లోతుగా పడిన పలకను ఎంచుకో.

‘యాంటీ స్లిప్’ అని అట్టపెట్టె మీద రాసి ఉన్నంత మాత్రాన నమ్మవద్దు. తడి స్థితిలో చేసిన పరీక్ష ఫలితాన్ని కాగితం మీద చూపమని అడుగు. పరీక్షలు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది లోలకం పరీక్ష: చివర రబ్బరు ముక్క బిగించిన చేతిని ఊపి, అది తడి పలకను ఒరుసుకుంటూ వెళ్లినప్పుడు ఎంత ఊపు కోల్పోయిందో కొలుస్తారు. బ్రిటన్‌లో అనుసరించే లెక్క ప్రకారం ఆ అంకె 24 వరకు ఉంటే జారే ప్రమాదం ఎక్కువ, 25 నుంచి 35 వరకు మధ్యరకం, 36 లేదా అంతకు మించితే తక్కువ. బూటు అడుగును పోలిన గట్టి రబ్బరూ, వట్టి పాదాన్ని పోలిన మెత్తని రబ్బరూ వేరుగా ఉంటాయి గనుక దేనితో కొలిచారో కూడా అడగాలి. రెండోది జర్మనీలో పుట్టిన వాలు పరీక్ష: మనిషి పలక మీద నడుస్తుండగా వాలును పెంచుకుంటూ పోయి, ఎక్కడ జారతాడో చూస్తారు. ఇందులో ఆర్9 నుంచి ఆర్13 వరకు ఇచ్చే గుర్తులు బూట్లతో, నూనె పోసిన పలక మీద చేసినవి. ఎ, బి, సి అనే తరగతులు వట్టి కాళ్లతో, సబ్బునీటి మీద చేసినవి. ఎ తరగతికి కనీసం 12 డిగ్రీలు, బి తరగతికి 18, సి తరగతికి 24 డిగ్రీల వాలు దాకా కాలు నిలవాలి. మీ ఇంట్లో అందరూ వట్టి కాళ్లతో తిరుగుతారు గనుక ఆర్ గుర్తు ఎంత పెద్దదైనా అది ఒక్కటే చాలదు. బి, వీలైతే సి తరగతి ఉన్నదే చూడు. అమ్మేవాళ్లు పొడిగా ఉన్నప్పటి అంకెను ముందు పెడితే, తడి అంకె చూపేదాకా మాట ఇవ్వకు.

ఆ కాగితంలోనే పలక పొడవునా, అడ్డంగా రెండు దిశల్లోనూ ఫలితం ఇచ్చారా అని గమనించు. గాడులున్న పలకలను చూడగానే ఇవి జారవనిపిస్తుంది. గాడికి అడ్డంగా నడిచినప్పుడు పట్టు దొరుకుతుంది గానీ, గాడి వెంట నడిచినప్పుడు అంత దొరకదు. పైగా ఆ గాడుల్లో మట్టి చేరి, నీరు నిలిచి, పాకుడుకు చోటవుతుంది. నీరు పోవాలంటే వాలు గాడుల వెంట ఉండాలి; కాలు నిలవాలంటే నడక గాడులకు అడ్డంగా ఉండాలి. తలుపు నుంచి మెట్ల దాకా ఉన్న దారికి ఈ రెండూ కుదరకపోతే, గాడుల పలక మానేసి, రెండు దిశల్లోనూ దాదాపు ఒకే ఫలితం ఇచ్చే అచ్చు పలకకే వెళ్లు.

కాగితం చూశాక రెండు మూడు నమూనా ముక్కలు తెప్పించుకో. కోసిన చివరను వెలుతురులో పట్టి చూస్తే తొడుగు చుట్టూ ఉందో, అడుగుభాగం వదిలేశారో, ఎంత మందాన ఉందో తెలుస్తుంది. ఆ తరువాత ముక్కను కదలకుండా బిగించి, సబ్బునీరు పోసి, పక్కనున్న గోడను పట్టుకుని అరికాలితో నెట్టి చూడు. ఇంట్లో వాడే చెప్పులతోనూ చూడు. మధ్యాహ్నపు ఎండలో గంటసేపు ఉంచి చేయి పెట్టి చూస్తే, ముదురు రంగు ముక్క లేతరంగు దానికంటే ఎంత ఎక్కువ కాలుతుందో నీకే తెలుస్తుంది. పిల్లల పాదాలను తలచుకుని లేతరంగు తీసుకో.

బిగింపు విషయంలో తయారీదారు ఇచ్చిన సూచనలదే తుది మాట. సాధారణంగా కింది దూలాల నడుమ 400 మిల్లీమీటర్ల ఎడం పెడతారు, మెట్ల దగ్గర ఇంకా తగ్గిస్తారు. ఎడం పెరిగితే పలక కుంగి, ఆ పల్లంలో నీరు నిలుస్తుంది. వేడికి పలక పొడవు పెరుగుతుంది. నాలుగు మీటర్ల పలక, 40 డిగ్రీల తేడాకు, రకాన్ని బట్టి ఆరు మిల్లీమీటర్లో, అంతకంటే ఎక్కువో సాగవచ్చు. అందువల్ల చివరల్లో ఖాళీ వదలకపోతే పలకలు లేచి కాలికి తగులుతాయి. మీటరుకు ఒక సెంటీమీటరు వాలు ఇవ్వు. కింద గాలి ఆడనివ్వు. పాత దూలాలు పుచ్చి ఉంటే వాటి మీదే కొత్త పలకలు వేయించవద్దు.

మెట్ల అంచులకు మాత్రం పలక గరుకును నమ్ముకోకుండా, రాతి రవ్వ పొదిగిన పట్టీలను వేరే రంగులో బిగించు. పెద్దవాళ్లు దిగేటప్పుడు అంచు స్పష్టంగా కనబడాలి. డెక్‌ను మెత్తటి బ్రష్‌తో, సబ్బునీటితో తరచుగా కడగాలి. క్యాప్డ్ పలకను చెక్కలా చిత్రిక పట్టడం కుదరదు; తొడుగు చెక్కుకుపోతే ఆ పలకను మార్చడమే.

ఫలితాల కాగితం చేతికి అందగానే నాకు పంపించు. నేను చూసి చెప్పేదాకా బయానా ఇవ్వకు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న