కాలేజీ ప్రాజెక్టుకి మ్యూజిక్ వీడియో తీయాలి, చేతిలో ఫోన్లే ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ పరిస్థితి నాకు అర్థమైనంతలో ఇది: శ్రీకాకుళంలో డిగ్రీ, ఐదుగురి బ్యాచ్, మూడున్నర నిమిషాల పాట, రెండు ఫోన్లు, ఒక ట్రైపాడ్, నెల గడువు. ప్లానింగ్, షూటింగ్ అయ్యాక రివ్యూ కూడా రాసి ఇవ్వాలి. విజయనగరంలో చదివేటప్పుడు మేమూ ఇదే ప్రాజెక్టు చేశాం, ఆ తర్వాత జూనియర్ల వీడియోలు ఎడిట్ చేసేటప్పుడు చాలాసార్లు పక్కన కూర్చున్నాను. అందరికీ ముందు చెప్పేది ఒకటే. రివ్యూని చివరి వారానికి నెట్టకండి. తీసింది తీసిన రోజు సాయంత్రమే చూసుకోండి, ఎందుకంటే మళ్ళీ అక్కడికి వెళ్ళి తీసుకునే వీలు అప్పుడే ఉంటుంది. అందరూ ఊళ్ళకి వెళ్ళిపోయాక తప్పు కనిపిస్తే రిపోర్టులో రాసుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు.

ముందు పాట సంగతి తేల్చుకోండి. సినిమా పాట వద్దు. కాలేజీ హాల్లో లెక్చరర్లు, విద్యార్థులు, తల్లిదండ్రుల ముందు పాడుకోవడానికి 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో వెసులుబాటు ఉంది గానీ, యూట్యూబ్‌లో పెట్టడానికి అది పనికిరాదు. అక్కడ పాటల్ని గుర్తుపట్టే కంటెంట్ ఐడీ అనే సిస్టమ్ ఆ పాటని పట్టేస్తుంది, వీడియో మ్యూట్ అవ్వచ్చు, బ్లాక్ కూడా అవ్వచ్చు. జానపదం అయితే పాట అందరిదీ, కానీ ఎవరో వాయిద్యాలు కట్టి చేసిన రికార్డింగు మాత్రం వాళ్ళది, కాబట్టి మీరే కొత్తగా పాడించి రికార్డు చేసుకోండి. దీనికి మా విజయనగరం వాళ్ళకి ఒక అదృష్టం ఉంది. 1919లో మొదలైన సంగీత కళాశాల ఊళ్ళోనే ఉంది, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్, ఘంటసాల గారు నేర్చుకున్నది అక్కడే. ఇప్పటికీ అక్కడ చదివే పిల్లలు ఎంత శ్రద్ధగా పాడతారో వింటే తెలుస్తుంది. మా పాటని మా బ్యాచ్ అమ్మాయే రాసింది, పాడింది అక్కడి విద్యార్థిని. శ్రీకాకుళం నుంచి విజయనగరం ఎంతో దూరం కాదు కదా, ఒకసారి వచ్చి అడిగి చూడండి.

మా పాట గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీదకి పనికి వెళ్ళిన అన్న కోసం చూసే చెల్లిది. మీ తీరంలోని ఊళ్ళ నుంచి ఏటా ఎంతమంది అలా వెళతారో మీకు నేను చెప్పక్కర్లేదు. మీరు కూడా మీకు బాగా తెలిసిన విషయమే తీసుకోండి. బైకులు, కళ్ళజోళ్ళు, వెనక పొగ, ఈ బాపతువి ఇప్పటికే బోలెడున్నాయి.

ప్లానింగ్ అంటే పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ వద్దు, ఒక లాంగ్ నోట్‌బుక్ చాలు. ఎడమవైపు టైము, పక్కన పాట లైను, దాని పక్కన ఎక్కడ, ఎవరు, ఏ బట్టలు, ఏ పూట వెలుగు. మ్యూజిక్ బిట్లు కూడా వదలకుండా రాయండి, ఎందుకంటే కథ నడిచేది ఎక్కువగా అక్కడే, పల్లవి దగ్గర జనం పాటే వింటారు. తర్వాత ఒక రంగు పెన్నుతో నోరు కదిలే లైన్లు, ఇంకో రంగుతో కథ లైన్లు గీసుకోండి, ఒక్క చూపులో ఏది ఎక్కువైందో తెలిసిపోతుంది. నా ఉద్దేశంలో సగానికి మించి లిప్ సింక్ (పాటకి పెదాలు కలపడం) ఉంటే చూసేవాళ్ళకి విసుగొస్తుంది. బట్టల కాలమ్ దగ్గర ఒక జాగ్రత్త: పొందూరు ఖద్దరు తెల్లచొక్కా చూడ్డానికి ఎంత బాగున్నా, మిట్టమధ్యాహ్నం ఎండలో ఫోన్ కెమెరాకి అది వట్టి తెల్లమచ్చే. లేత పసుపో, నీలమో, గళ్ళచీరో అయితే నిలబడుతుంది.

లొకేషన్‌కి కళింగపట్నం అనుకుంటున్నారేమో, మేమూ అక్కడే తీశాం. వంశధార సముద్రంలో కలిసే చోటు, లైట్‌హౌస్, పడవలు అన్నీ ఒకే ఊళ్ళో దొరుకుతాయి. అయితే మనది తూర్పు తీరం. పొద్దున్న సూర్యుడు సముద్రం మీద ఉంటాడు. ఆ టైములో సముద్రం వెనక పెట్టుకుని మనిషిని నిలబెడితే మొహం నల్లగా నీడలా వస్తుంది. నీడబొమ్మే కావాలంటే పొద్దున్నే తీయండి, అద్భుతంగా ఉంటుంది. మొహం కావాలి, వెనక అలలు కావాలి అంటే సాయంత్రం తీయండి, అప్పుడు పడమటి వెలుగు నేరుగా మొహం మీద పడుతుంది. ఆ మంచి వెలుగు ఎంతోసేపు ఉండదు కాబట్టి క్లోజప్పులన్నీ దానికే అట్టిపెట్టుకోండి. ఫోన్‌లో మొహం మీద కాసేపు నొక్కిపట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ చేయకపోతే అల వచ్చిన ప్రతిసారీ వెలుగు మారిపోతుంది, ఎడిటింగ్‌లో దాన్ని సరిచేయడం ఎవరి తరమూ కాదు.

ఇంకోటి, తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర బోట్ల వేట ఆపుతారు. ఆ రోజుల్లో వెళితే పడవలు ఒడ్డునే ఉంటాయి, మనుషులు కూడా ఊళ్ళో దొరుకుతారు. ముందు ఊరి పెద్దలతో మాట్లాడండి, ఏం తీస్తున్నారో, పాట ఏమిటో వినిపించండి. పడవ ఎక్కేటప్పుడు చెప్పులు విప్పండి, ఆరేసిన వల మీద అడుగు వేయకండి. వాళ్ళకి అది దేవుడి గది లాంటిది. మాకు పడవ ఇచ్చిన ఆయన పాట వినగానే తన ఫోన్ తీసి, వేరావల్‌లో ఉన్న కొడుకు పంపిన వీడియో చూపించాడు, మా కథలో బోటు మీద వంట చేసుకునే ముక్క అక్కడి నుంచే వచ్చింది. బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం కొండ మీద కూడా తీయాలనుకుంటే, అది కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంది, ట్రైపాడ్ పెట్టి షూటింగ్ అంటే ముందే అనుమతి తీసుకోవాలి. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో అయితే డిపో వాళ్ళని అడగాలి, అంతకన్నా ఏదో ఒక పల్లెటూరి బస్టాప్ హాయి. డ్రోన్ అద్దెకి తెద్దామని బ్యాచ్‌లో ఒకరు తప్పకుండా అంటారు, వద్దనండి. ఆ డబ్బుతో అందరూ రెండు పూటలా భోజనం చేసి నిదానంగా తీసుకోవచ్చు.

ఇక లిప్ సింక్. స్టూడెంట్ వీడియోలు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

మన కరెంటు 50 హెర్ట్జ్. ఫోన్ మామూలుగా సెకనుకి 30 ఫ్రేములు తీస్తుంది. ట్యూబ్‌లైట్లు, కొన్ని ఎల్‌ఈడీల కింద మొహం మీద చారలు పాకినట్టు కనిపించేది ఈ రెండూ కలవకే. 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేముకి వెలుగు పడే సమయం) సెకనులో 1/50 పెట్టుకుంటే చారలు పోతాయి. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితమే, అందులో ఇవి మన చేత్తో పెట్టుకోవచ్చు. ఎండలో 1/50 పెడితే బొమ్మ తెల్లబోతుంది కాబట్టి అక్కడ షట్టర్ వేగం పెంచుకోవచ్చు, ఇబ్బంది ఉండదు. ఫోన్ సొంత కెమెరా యాప్‌తో తీస్తే చాలాసార్లు ఫ్రేములు ఒకే వేగంతో ఉండవు, ఎడిటింగ్‌లో పాట సగానికి వచ్చేసరికి పెదాలు జారిపోవచ్చు. అలాంటి క్లిప్పుల్ని హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేసి కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్‌కి (ఫ్రేములన్నీ ఒకే వేగానికి) మార్చుకుని ఆ తర్వాతే ఎడిటింగ్‌లోకి తీసుకోండి.

పాటని స్పీకర్‌లో గట్టిగా వేసి, దానితో పాటు నిజంగా గొంతెత్తి పాడించండి. ఊరికే పెదాలు ఆడిస్తే గొంతు నరాలు కదలవు, చూసేవాడికి ఎందుకో తెలియదు గానీ అబద్ధంలా ఉంటుంది. స్పీకర్ పాడే మనిషి దగ్గరే ఉండాలి. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లే పోతుంది, స్పీకర్ 34 మీటర్ల దూరంలో ఉంటే పాట పాడేవాళ్ళ చెవికి చేరేసరికే సెకనులో పదో వంతు ఆలస్యం, అంటే రెండున్నర ఫ్రేములు. లాంగ్ షాట్‌లో మేము స్పీకర్‌ని పడవ వెనక దాచేవాళ్ళం. క్లిప్పుని పాటకి కలుపుకోవడానికి గుర్తుగా పాట మొదట్లో మూడు బీప్‌లు కలిపి పెట్టుకోండి, బీచ్‌లో గాలి హోరుకి అవి వినపడకపోవచ్చు, అందుకని ప్రతి టేక్‌కీ లెన్స్ ముందు ఒక చప్పట్లు చరుపు చరవండి. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ శబ్దాన్ని బట్టి క్లిప్పుల్ని పాటకి అదే కలిపేస్తుంది. తర్వాత కంటితో సరిచూసుకోవడానికి తెలుగులో ఒక మంచి దారి ఉంది: ప, బ, మ వచ్చే చోట్ల ఆపి చూడండి. ఆ అక్షరాలకి పెదాలు మూసుకోక తప్పదు. 'అమ్మ' అన్న చోట నోరు తెరిచి ఉంటే ఒకటో రెండో ఫ్రేములు జరపాలని అర్థం.

తీసేటప్పుడు ముందు పాట మొత్తం ఒకే చోట, ఆపకుండా, దూరం నుంచి ఒకసారి, నడుము దాకా ఒకసారి, మొహం ఒకసారి తీసేయండి. తర్వాత వాన వచ్చినా, పక్క వీధిలో పెళ్ళి డీజే మొదలైనా (మాకు మొదలైంది, ఇక ఆ పూట పాట వినపడలేదు) చేతిలో ఒక వీడియో అయితే ఉంటుంది. ఆ ధైర్యంతో కథ ముక్కలు తీసుకోవచ్చు. కలలో నడిచినట్టు ఉండాలి, నోరు మాత్రం పాటకి కలవాలి అంటే పాటని రెట్టింపు వేగంతో వేసి 50 ఫ్రేముల్లో తీసి, 25లో ఆడించండి. ఆ వేగంలో పాడాలంటే ముందురోజు రాత్రే సాధన చేయాలి, మా వీడియోలో చెల్లిగా చేసిన అమ్మాయి డాబా మీద తిరుగుతూ పాడుకుంది.

మొదట చెప్పిన సాయంత్రం సంగతికి వస్తాను. మొదటి రోజు షూటింగ్ అయ్యాక గార అనే ఊరి దగ్గర ఫ్రెండ్ వాళ్ళింట్లో పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టి క్లిప్పులన్నీ వరసగా చూశాం. వాళ్ళ నాయనమ్మ గుమ్మం దగ్గర కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూ చూస్తోంది. కాసేపటికి అడిగింది, "ఆ గుంట ఎవుల కోసం సూస్తందిరా, మొగుడి కోసమేటి?" అని. మేం ఐదుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పాటలో 'అన్న' అన్న మాట రెండో చరణం దాకా రాదు, అప్పటిదాకా చూసేవాళ్ళకి అది భర్త కోసం ఎదురుచూపే. అన్న వేషం వేసిన కుర్రాడు ఇంకా మాతోనే ఉన్నాడు కాబట్టి మర్నాడు పొద్దున్నే బస్టాప్‌లో ఒక షాట్ తీశాం: బ్యాగు భుజాన వేసుకుని బస్సెక్కబోతూ వెనక్కి తిరిగి చెల్లి నెత్తిన ఒక మొట్టికాయ వేస్తాడు, అంతే. ఆ రెండు సెకన్లతో ఇంకెవరూ ఆ ప్రశ్న అడగలేదు. అదే ఎడిటింగ్ అయ్యాక తెలిసుంటే తెర మీద అక్షరాలు వేసి చెప్పుకోవాల్సి వచ్చేది.

అందుకే రివ్యూకి మనుషుల్ని ఎంచుకునేటప్పుడు సినిమాలు బాగా తెలిసినవాళ్ళనే కాకుండా పాట అసలు విననివాళ్ళని, పెద్దవాళ్ళని కూర్చోబెట్టండి. 'బాగుందా' అని అడగకండి, మన వాళ్ళు మొహమాటానికి బాగుందనే అంటారు. ఏం జరిగిందో చెప్పమనండి. వాళ్ళు చెప్పేది మీ కథే అయితే సరే, ఇంకో కథ చెబితే వాదించకుండా ఏ టైము దగ్గర దారి తప్పారో నోట్‌బుక్‌లో రాసుకోండి. ఎక్కడ ఫోన్ వైపు చూశారో అదీ రాసుకోండి. మీరు మాత్రం రఫ్ కట్‌ని (మొదటి ముతక ఎడిట్‌ని) ఒకసారి సౌండ్ పూర్తిగా తీసేసి చూడండి, పాట లేకపోతే ఏ షాట్లు ఊరికే ఉన్నాయో తేలిపోతుంది. పాటలో పడే ప్రతి తాళం దెబ్బకీ ఒక కట్ వేసేవాళ్ళుంటారు, మొదటి చరణానికే కళ్ళు అలిసిపోతాయి. దెబ్బకి కట్ చేయడం పాట ఊపందుకునే చోటికి దాచుకుంటే దానికి విలువ ఉంటుంది, మిగతా చోట్ల మనిషి చూపు తిరిగినప్పుడో, చెయ్యి లేచినప్పుడో కట్ చేయండి.

రిపోర్టుకి ఇవన్నీ అప్పటికే మీ నోట్‌బుక్‌లో ఉంటాయి. మొదట ఏం అనుకున్నారు, ఎవరు ఏమన్నారు, దానికి ఏ షాట్ మార్చారు అన్నది పాత కట్, కొత్త కట్ ఫొటోలు పక్కపక్కన పెట్టి రాయండి, 'టీమ్ వర్క్ నేర్చుకున్నాం' లాంటి వాక్యాలు వద్దు. చేతిరాత నోట్‌బుక్ పేజీలు కూడా స్కాన్ చేసి జత చేయండి, కొట్టివేతలతో సహా. వైవాలో మా లెక్చరర్ ఎక్కువసేపు అడిగింది ఆ కొట్టివేతల గురించే.