షెడ్డు వేసే ముందు, అబ్బయ్యకు మామ రాసేది

చిరంజీవి అబ్బయ్యకు ఆశీస్సులు.

చెరువు పక్కన స్థలం చవకగా కుదిరిందనీ, అక్కడే గుడ్ల కోళ్ళ (లేయర్) ఫారం వేస్తున్నావనీ అక్క చెప్పింది. ఇంకా పునాది తియ్యలేదంట కదా, ఆ స్థలం వదిలెయ్యి నాయనా, చెరువు పక్కన బర్డ్ ఫ్లూ భయం. మెరక చూసుకో. అక్టోబరు నుంచి మార్చి దాకా పులికాట్ సరస్సుకి, నేలపట్టు పక్షుల కేంద్రానికి వచ్చే వలస పక్షులు అక్కడే కూచోవు, మేతకు మన చెరువులన్నీ తిరుగుతాయి. బర్డ్ ఫ్లూ వైరస్ నీటి పక్షుల పేగుల్లో ఉండి రెట్టతో నీళ్ళలో పడుతుంది. చల్లటి నీళ్ళలో రోజుల తరబడి బతుకుతుంది. కోళ్ళకు బోరు నీళ్ళే తాగించు, వాటిలోనూ క్లోరిన్ కలుపు.

నాకు కొంగలకన్నా బాతుల మందలంటేనే భయం ఎక్కువ. కోతలయ్యాక రాలిన వడ్లకీ నత్తలకీ మందల్ని కయ్యల్లోకి తోలుకొస్తారు. వలస పక్షులు దిగిన నీళ్ళలోనే అవీ దిగుతాయి. బాతుకు వైరస్ సోకినా చాలాసార్లు పైకి తెలియదు, హుషారుగానే మేస్తుంటుంది. షెడ్డు చుట్టూ ఉన్న కయ్యల రైతులతో ఇప్పుడే మాట్లాడుకో. మందల వాళ్ళతో తగువు పెట్టుకోవద్దు, అది వాళ్ళ బతుకు. దారి మళ్ళించమని మర్యాదగా అడుగు.

ఒక్కసారి దగ్గర్లో తెగులు దిగిందంటే, ఫారం నుంచి ఫారానికి మోసేది ఎక్కువగా మనుషులూ బండ్లే. గుడ్ల వ్యాపారి తెచ్చే పాత అట్ట ట్రే ఒకటి తిరగేసి చూడు. గుంటల మూలల్లో ఎండిన రెట్ట, అంటుకుపోయిన ఈక కనపడతాయి. అది ఎవరి ఫారానిదో ఏమో! అట్టను కడగలేము కదా. ప్లాస్టిక్ ట్రేలు కొనుక్కుని, కడిగి, క్రిముల్ని చంపే మందు కలిపిన నీళ్ళలో ముంచి వాడు. పెంట కొనేవాళ్ళ లారీ, దాణా లారీ గేటు బయటే ఆగాలి. పనివాళ్ళ ఇళ్ళలో నాటుకోళ్ళు ఉండకూడదు, కావాలంటే జీతం కాస్త ఎక్కువివ్వు. షెడ్డుకు వేరే చెప్పులు పెట్టు. గేటు దగ్గర మందు తొట్టి కట్టిస్తే సరిపోదు, బురద కాళ్ళతో దిగితే మందు పనిచెయ్యదు. ముందు బ్రష్షుతో రుద్ది కడిగి, తర్వాత తొట్టిలో దిగమను. తొట్టి నీళ్ళు మురికైతే అప్పుడే మార్చాలి.

2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా పొదలకూరు మండలం చాటగొట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో కోళ్ళు చచ్చిపోతే శాంపిళ్ళు భోపాల్ ల్యాబుకు పంపారు, బర్డ్ ఫ్లూ అని తేలింది. అలా తేలితే చుట్టూ కిలోమీటరులో కోళ్ళను చంపేస్తారు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. నీ ఒక్కడి గేటు తెరిచుంటే పక్క రైతులందరికీ దెబ్బే.

ఉన్నట్టుండి చావులు పెరిగినా, గుడ్లు పడిపోయినా, నెత్తి మీది ఎర్ర జుట్టు నీలమెక్కి తల వాచినా, కొక్కెర తెగులేలే (రాణిఖేత్) అని నీకు నువ్వే తేల్చుకోవద్దు. చూస్తే అదీ, బర్డ్ ఫ్లూ రెండూ ఒకలాగే ఉంటాయి, ల్యాబులో తేలాల్సిందే. ఆ గంటలోనే పశువుల డాక్టరుకు ఫోన్ చెయ్యి. కోడిని కోసి చూడొద్దు, కాలవలో పారెయ్యొద్దు, సగం ధరకు అమ్మనే అమ్మొద్దు. పరిహారం కూడా ప్రభుత్వం చంపించిన కోళ్ళకే ఇస్తారు, అంతకుముందే చచ్చినవాటికి రాదు. దాచినకొద్దీ నష్టం నీకే.

స్థలం మారిస్తే కబురు పెట్టు. గేటు, మందు తొట్టి ఎక్కడ రావాలో నేనొచ్చి ముగ్గుపోసి చూపిస్తాను.

మీ మామ